కమ్యూనిటీ కాలేజీలో ఏ దారి: కొద్ది వారాల కోర్సా, రెండేళ్ల డిగ్రీయా, ట్రాన్స్‌ఫరా?

అమెరికాలో ఒకే కమ్యూనిటీ కాలేజీలో (చుట్టుపక్కల వారికోసం తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో), ఒకే అంతస్తులో, పక్కపక్క గదుల్లో కూర్చున్న ముగ్గురు విద్యార్థులు మూడు వేర్వేరు చదువులు చదువుతూ ఉండవచ్చు. ఒకరు పది పన్నెండు వారాల్లో ముగిసే వెల్డింగ్ శిక్షణలో ఉంటారు. దానికి క్రెడిట్లే, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లే, ఉండవు. మరొకరు రెండేళ్ల అప్లైడ్ సైన్స్ డిగ్రీ చదువుతూ, అది చేతికి రాగానే దగ్గర్లోని ఫ్యాక్టరీలో చేరాలని చూస్తుంటారు. మూడో విద్యార్థికి ఆ ఫ్యాక్టరీతో పనే లేదు. ఇక్కడ రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి, ఆపైన యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి వెళ్లాలన్నది అతని లెక్క. బయటినుంచి చూసేవారికి ముగ్గురూ కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులే, కాలేజీ కరపత్రంలోనూ మూడు చదువుల గురించీ "ఉద్యోగానికి సిద్ధం చేస్తాం" అన్న మాటే కనిపిస్తుంది. కానీ వాటికయ్యే ఖర్చు, పట్టే కాలం, ఆ తర్వాత మిగిలే అవకాశాలు ఏ రెండింటికీ ఒకటి కావు.

ఈ మూడింటిలో, వీటితో పోటీపడే మరికొన్ని దారుల్లో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా సలహా ఒక క్రమానికి సంబంధించినది. ముందు ఉద్యోగాన్ని నిర్ణయించుకోవాలి, తర్వాత ఆ ఉద్యోగం అడిగే పత్రం ఏమిటో తెలుసుకోవాలి, కాలేజీని చిట్టచివర ఎంచుకోవాలి. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు: ఇంటికి దగ్గరగా ఉందని కాలేజీలో చేరి, సీటు ఖాళీ ఉన్న కోర్సు తీసుకుని, అది పూర్తయ్యాక ఉద్యోగం వెతకడం మొదలుపెడతారు.

స్థానికత: బలమూ అదే, హద్దూ అదే

ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికంటే పాతది ఇల్లినాయిలోని జోలియెట్ జూనియర్ కాలేజీ. 1901లో ఆరుగురు విద్యార్థులతో దాన్ని మొదలుపెట్టినప్పుడు షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ హైస్కూలు సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్ ఆలోచించినది యూనివర్సిటీ మొదటి రెండేళ్ల చదువును ఊళ్లోనే అందించడం గురించి. ఉద్యోగ శిక్షణ తర్వాతి దశాబ్దాల్లో వచ్చి చేరింది. ఈ పాత సంగతి ఇక్కడ ఎందుకంటే, ఆ రెండు పనులూ నేటికీ ఒకే కాలేజీలో విడివిడి విభాగాలుగా, విడివిడి నిధులతో, కొన్నిచోట్ల విడివిడి రిజిస్ట్రేషన్ కౌంటర్లతో నడుస్తున్నాయి. విద్యార్థి తికమకలో సగం అక్కడే పుడుతుంది.

ఉద్యోగ శిక్షణ వైపు చూస్తే, కాలేజీ స్థానిక పరిశ్రమను గమనించడం దాని ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. 2018లో సవరించిన పెర్కిన్స్ చట్టం కింద వృత్తి విద్యకు ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీలు కనీసం రెండేళ్లకోసారి తమ ప్రాంతపు అవసరాలను మదింపు చేసి, కోర్సులు వాటికి తగినట్టు ఉన్నాయో లేదో చూపాలి. దీనికి తోడు వృత్తి కోర్సుల్లో చాలావాటికి ఒక సలహా సంఘం ఉంటుంది. ఆ చుట్టుపక్కల కంపెనీల సూపర్‌వైజర్లు, ఆస్పత్రుల అధికారులు అందులో కూర్చుని, ఏ యంత్రం పాతబడిపోయిందో, కొత్తగా చేరినవారికి ఏ పని రావడం లేదో చెబుతారు. ఈ సంఘం పేరుకే ఉందా, దాని మాట నిజంగా చెల్లుతుందా అన్నది కాలేజీ కాలేజీకీ మారుతుంది.

అది బాగా పనిచేసిన చోట కోర్సుల జాబితా చదివితే ఆ ప్రాంతపు ఆర్థిక పటం చదివినట్టే ఉంటుంది. గాలి మరల రాష్ట్రమైన అయోవాలో అయోవా లేక్స్ కమ్యూనిటీ కాలేజీ 2004లోనే గాలి టర్బైన్ల టెక్నీషియన్ కోర్సు ప్రారంభించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ద్రాక్షతోటల మధ్య ఉన్న వాలావాలా కమ్యూనిటీ కాలేజీలో ద్రాక్షసాగు, వైన్ తయారీ నేర్పుతారు. హ్యూస్టన్ పక్కన పెట్రోరసాయన కర్మాగారాల నడుమ ఉన్న శాన్ జాసింటో కాలేజీ ప్రాసెస్ టెక్నాలజీ నేర్పుతుంది. డేటా సెంటర్లు కిక్కిరిసిన ఉత్తర వర్జీనియాలో అక్కడి కమ్యూనిటీ కాలేజీ డేటా సెంటర్ నిర్వహణపై కోర్సు నడుపుతుంది.

అయితే ఈ బలానికి ఒక వెల ఉంది. పెట్రోరసాయన ప్లాంటు కోసం తయారైన పత్రాన్ని పట్టుకుని మరో రాష్ట్రానికి మారితే, అక్కడ దాని పేరే ఎవరికీ తెలియకపోవచ్చు. వచ్చే అయిదేళ్లలో ఆ కౌంటీలోనే (మన జిల్లా వంటిది) ఉంటామన్న నమ్మకం లేని కుటుంబం, స్థానిక కంపెనీ ఒక్కటే గుర్తించే సర్టిఫికెట్‌కు బదులు జాతీయ స్థాయి పరీక్షకు సిద్ధం చేసే కోర్సును ఎంచుకోవడం మేలు. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో సీసీఎన్ఏ, వెల్డింగ్‌లో అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పరీక్షలు, ఆరోగ్య రంగంలో ఆయా వృత్తుల బోర్డు పరీక్షలు అటువంటివి.

కొద్ది వారాల కోర్సు ఎవరికి సరిపోతుంది

అయిదారు వారాల నుంచి ఒక సెమిస్టర్ లోపు ముగిసే శిక్షణలు ఇటీవల అందరి నోటా వినిపిస్తున్నాయి. 2026 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చేలా 2025లో చేసిన చట్టం, పెల్ గ్రాంటును (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని సాయాన్ని) తొలిసారిగా ఇటువంటి చిన్న కోర్సులకు విస్తరించింది. కోర్సు 150 నుంచి 599 గంటల మధ్య ఉండి, ఎనిమిది వారాలకు తగ్గకుండా, పదిహేను వారాలు నిండకుండా ముగియాలి. చేరినవారిలో 70 శాతం పూర్తి చేయాలి, పూర్తి చేసినవారిలో 70 శాతానికి ఉద్యోగాలు రావాలి. రాష్ట్ర గవర్నర్ దాన్ని ఆమోదించాలి. ఈ షరతులు విద్యార్థికి కూడా పనికొచ్చే కొలబద్దలు. గ్రాంటు అవసరం లేనివారు సైతం తాము చూస్తున్న కోర్సు ఈ రెండు 70 శాతాలనూ దాటుతుందా అని అడగవచ్చు. సమాధానం తడబడితే అదే సమాధానం.

వర్జీనియా ఈ ఆలోచనను అంతకుముందే, 2016లో, వేరే రూపంలో పెట్టింది. ఫాస్ట్‌ఫార్వర్డ్ పేరుతో నడిచే ఆ రాష్ట్రపు కోర్సుల్లో విద్యార్థి మొదట ఫీజులో మూడో వంతు కడితే చాలు. కోర్సు పూర్తిచేసి, పరిశ్రమ ఇచ్చే సర్టిఫికెట్ సాధిస్తే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. మధ్యలో మానేస్తే మరో మూడో వంతు విద్యార్థి నెత్తిన పడేలా ఆ పథకాన్ని రూపొందించారు. కాలేజీ, విద్యార్థి, ప్రభుత్వం ముగ్గురూ ముగింపు మీద దృష్టి పెట్టే ఈ ఏర్పాటు నాకు మిగతావాటికంటే నిజాయితీగా కనిపిస్తుంది.

చిన్న కోర్సు ఇద్దరికి బాగా సరిపోతుంది. ఇప్పటికే ఒక వృత్తిలో ఉండి, పైమెట్టుకు ఒక్క నైపుణ్యం తక్కువైనవారు మొదటివారు. ఇంటి ఖర్చు గడవడానికి వెంటనే జీతం కావలసినవారు, ఆ జీతం చిన్నదని తెలిసీ దాన్ని మొదటి మెట్టుగా చూడగలిగినవారు రెండోవారు. చిన్న కోర్సుతోనే మంచి మధ్యతరగతి జీతం వస్తుందనుకుని చేరేవారికి మాత్రం నిరాశ తప్పకపోవచ్చు. వాణిజ్య ట్రక్కు లైసెన్సు, విద్యుత్ లైన్‌మన్ పని వంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి మినహాయింపులే.

ఒక్క కంపెనీ రాకను నమ్ముకుని కట్టిన కోర్సు విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఒహాయోలో కొలంబస్ సమీపాన చిప్‌ల కర్మాగారం కడతామని 2022 జనవరిలో ఇంటెల్ ప్రకటించినప్పుడు 2025లో ఉత్పత్తి మొదలవుతుందన్నారు. కొలంబస్ స్టేట్ తదితర కమ్యూనిటీ కాలేజీలు టెక్నీషియన్ల శిక్షణకు సిద్ధమయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ గడువును 2030-31కి జరిపింది. ఇందులో కాలేజీల తప్పేమీ లేదు. కానీ అటువంటి కోర్సులో చేరేముందు, ఆ ఒక్క కర్మాగారం రాకపోయినా ఇదే నైపుణ్యాన్ని ఈ ప్రాంతంలో ఇంకెవరు కొంటారు అన్న ప్రశ్న వేసుకున్నవారికి నష్టం తక్కువ. పారిశ్రామిక విద్యుత్తు, పంపులు, వాక్యూమ్ వ్యవస్థలు, యంత్రాల మరమ్మతు నేర్చినవారికి చిప్‌ల ఫ్యాక్టరీ కాకపోతే మందుల ఫ్యాక్టరీ ఉంటుంది.

రెండేళ్ల డిగ్రీల్లో ఏది

ఎక్కువమంది తెలియకుండా తప్పటడుగు వేసేది ఇక్కడే. అసోసియేట్ డిగ్రీ అనగానే సుమారు 60 క్రెడిట్లు, రెండేళ్లు అన్న లెక్క అందరికీ తెలుసు. అది రెండు జాతులన్న సంగతి తెలియదు. అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనేవి ప్రధానంగా ట్రాన్స్‌ఫర్ కోసం, అంటే యూనివర్సిటీలో మిగతా రెండేళ్లు చదివేందుకు తయారైనవి. అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, వాడుకలో ఏఏఎస్, నేరుగా ఉద్యోగంలోకి వెళ్లడానికి తయారైనది. పేరులో ఒక్క పదమే తేడా. కానీ ఏఏఎస్‌లోని వృత్తి సంబంధమైన క్రెడిట్లను చాలా యూనివర్సిటీలు తమ బ్యాచిలర్స్ డిగ్రీలో లెక్కించవు. రెండేళ్ల తర్వాత ఇంజనీరింగ్ చదవాలని మనసులో పెట్టుకుని ఇంజనీరింగ్ టెక్నాలజీ ఏఏఎస్‌లో చేరిన విద్యార్థి, అందులోని గణితం యూనివర్సిటీ అడిగే కాల్‌క్యులస్ కాదని ఆలస్యంగా తెలుసుకుంటాడు.

అలాగని ట్రాన్స్‌ఫర్ దారి సాఫీగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో దాదాపు 80 శాతం మంది బ్యాచిలర్స్ డిగ్రీ సాధించాలన్న కోరికతోనే వస్తారు. నిజంగా ట్రాన్స్‌ఫర్ అయ్యేది సుమారు మూడో వంతు. ఆరేళ్లలో బ్యాచిలర్స్ పూర్తిచేసేది 16 శాతం దరిదాపుల్లోనే. కాలేజీ మారినవారు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకుంటున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో తేల్చింది. ఇది కమ్యూనిటీ కాలేజీల నుంచి వెళ్లినవారికి మాత్రమే కాక అన్నిరకాల మార్పిడులకూ కలిపి వేసిన లెక్క. ఈ అంకెల వెనుక విద్యార్థుల తెలివితేటల లోపం లేదు. ఏ యూనివర్సిటీలో, ఏ మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరతామో తేల్చుకోకుండా "సాధారణ విద్య" పేరుతో కోర్సులు పోగుచేసుకోవడం ఒక ప్రధాన కారణం.

రాష్ట్రాన్ని బట్టి ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది, కాబట్టి పోలికలో రాష్ట్ర నియమాలకు పెద్దపీట వేయాలి. కాలిఫోర్నియాలో 2010 నాటి చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ తీసుకున్నవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, మరో 60 యూనిట్లతో (అక్కడ క్రెడిట్లను అలా పిలుస్తారు) బ్యాచిలర్స్ పూర్తవుతుంది. ఫ్లోరిడాలో అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఉన్నవారికి రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థలో ప్రవేశం హామీ. అక్కడ కోర్సుల సంఖ్యలు రాష్ట్రమంతటా ఒకటే కావడం వల్ల క్రెడిట్ల బేరసారాలు తక్కువ. అయితే రెండు హామీల్లోనూ ఒక మెలిక ఉంది: వ్యవస్థలో సీటు ఖాయమంటే కోరుకున్న క్యాంపస్‌లో, కోరుకున్న మేజర్‌లో సీటు ఖాయమని కాదు. కంప్యూటర్ సైన్స్, నర్సింగ్ వంటి గిరాకీ ఉన్న శాఖల్లో ఈ తేడా చాలా పెద్దది. ఉత్తర వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ 2018 నుంచి నడుపుతున్న అడ్వాన్స్ కార్యక్రమం లాంటివి, అంటే మొదటిరోజు నుంచే విద్యార్థికి రెండు సంస్థల్లోనూ చోటిచ్చి చివరి సెమిస్టర్ దాకా కోర్సుల పట్టీ చేతిలో పెట్టేవి, ఎక్కడున్నా మొదటి ప్రాధాన్యం పొందదగినవి.

ఇంకా నిర్ణయించుకోలేని విద్యార్థికి నా సలహా అసోసియేట్ ఆఫ్ సైన్స్‌తో మొదలుపెట్టమని. ఆ దారిలోంచి తర్వాత ఏఏఎస్ వైపు మరలడం సులువు. తిరుగు ప్రయాణం కష్టం. అయితే ఇరవై అయిదేళ్లు దాటి, పిల్లలతో, అద్దెతో సతమతమవుతున్నవారికి ఇదే సలహా ఇవ్వను. వారికి రెండేళ్ల చివర నికరంగా జీతం ఇచ్చే ఏఏఎస్, అందులోనూ లైసెన్సుతో ముడిపడినది, ఎక్కువ భద్రమైనది. రేడియోగ్రఫీనే చూడండి: ఎక్స్‌రే టెక్నాలజిస్టుల జాతీయ రిజిస్ట్రీ 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ లేనివారికి పరీక్ష రాసే అర్హత ఇవ్వడం లేదు. డెంటల్ హైజీనిస్టుకూ మామూలుగా అసోసియేట్ డిగ్రీయే ప్రవేశ ద్వారం. ఇటువంటి చోట్ల చిన్న సర్టిఫికెట్ పనికిరాదు, బ్యాచిలర్స్ తప్పనిసరి కాదు. కమ్యూనిటీ కాలేజీ డిగ్రీకి సరిగ్గా సరిపోయే కొలత అది.

నర్సింగ్: నాలుగు దారులు ఒకే ఆస్పత్రిలో

పైన చెప్పినదంతా నర్సింగ్‌లో ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి దీన్ని కొంచెం విడమరచి చూద్దాం. నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణకు ఫెడరల్ నియమం అడిగేది కనీసం 75 గంటలు. కొన్ని రాష్ట్రాలు ఇంకా ఎక్కువ కోరతాయి. కొద్ది వారాల్లో ఉద్యోగం వస్తుంది, కానీ కార్మిక గణాంక సంస్థ 2024 లెక్కల ప్రకారం ఈ పనికి మధ్యస్థ వార్షిక జీతం సుమారు 39,500 డాలర్లు. పన్నెండు నెలలు, ఆపైన చదివే ప్రాక్టికల్ నర్సుకు అదే లెక్కలో సుమారు 62,000. రిజిస్టర్డ్ నర్సుకు సుమారు 93,600.

రిజిస్టర్డ్ నర్సు కావడానికి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ తీసుకున్నా, నాలుగేళ్ల బ్యాచిలర్స్ తీసుకున్నా, రాయవలసిన లైసెన్సు పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్. చట్టం దృష్టిలో లైసెన్సూ ఒకటే. అలాంటప్పుడు నాలుగేళ్లు ఎందుకు అన్న ప్రశ్న సహజం. జవాబు ఆస్పత్రిని బట్టి ఉంటుంది. పెద్ద నగరాల్లోని బోధనాస్పత్రులు చాలావరకు బ్యాచిలర్స్ ఉన్నవారికే మొదటి పిలుపు ఇస్తాయి. చిన్న ఊళ్ల ఆస్పత్రులు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు అసోసియేట్ నర్సులను సంతోషంగా తీసుకుంటాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్స్ పూర్తిచేయాలి.

ఈ నాలుగింటిలో ఎక్కువమందికి మంచి బేరం కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ నర్సింగ్ పూర్తిచేసి, లైసెన్సుతో ఉద్యోగంలో చేరి, జీతం తీసుకుంటూ, వీలైతే ఆస్పత్రి ఇచ్చే ఫీజు సాయంతో ఆన్‌లైన్‌లో బ్యాచిలర్స్ ముగించడమే. అయితే "రెండేళ్లు" అన్న మాటను యథాతథంగా నమ్మకూడదు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ వంటి ముందస్తు కోర్సులకు రెండు మూడు సెమిస్టర్లు పడతాయి, ఆ తర్వాత సీటు కోసం వెయిటింగ్ లిస్టో, మార్కుల పోటీయో, కొన్నిచోట్ల లాటరీయో ఉంటుంది. మొత్తం లెక్క వేస్తే మూడు, మూడున్నరేళ్లు కావడం మామూలే. బ్యాచిలర్స్‌లో నేరుగా సీటు వచ్చిన పద్దెనిమిదేళ్ల విద్యార్థికి, ఫీజు భరించగలిగితే, ఆ సీటు వదులుకోవడంలో పెద్ద లాభం కనిపించదు.

జీతంతో చదువు

కాలేజీయా, అప్రెంటిస్‌షిప్పా (జీతం తీసుకుంటూ పనిలోనే నేర్చుకోవడమా) అని రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి అడుగుతుంటారు. నిజానికి అమెరికాలో చాలా అప్రెంటిస్‌షిప్పుల తరగతి గది భాగం కమ్యూనిటీ కాలేజీలోనే జరుగుతుంది. 1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నమోదైన కార్యక్రమంలో సాధారణంగా కనీసం 2,000 గంటలు పనిలో శిక్షణ ఉండాలి, ఏడాదికి 144 గంటల పాఠాలు ఉండాలన్నది సిఫార్సు. ఎలక్ట్రీషియన్ వంటి పనులకు ఇది నాలుగైదేళ్లు సాగుతుంది, నైపుణ్యం పెరిగేకొద్దీ జీతమూ పెరుగుతుంది.

డిగ్రీ, జీతం రెండూ కావాలనుకునేవారు కెంటకీలో 2010లో టయోటా చొరవతో బ్లూగ్రాస్ కమ్యూనిటీ కాలేజీలో మొదలై తర్వాత ఇతర రాష్ట్రాలకు పాకిన ఫేమ్ నమూనాను పరిశీలించాలి. వారంలో రెండు రోజులు తరగతులు, మూడు రోజులు కంపెనీలో జీతంతో పని, అయిదు సెమిస్టర్ల చివర అసోసియేట్ డిగ్రీ. దక్షిణ కెరొలైనాలో గ్రీన్‌విల్ టెక్ తదితర కాలేజీల విద్యార్థుల కోసం బీఎండబ్ల్యూ నడిపే స్కాలర్ల కార్యక్రమమూ ఈ కోవలోనిదే. వీటిలో ప్రవేశం కాలేజీ చేతిలో కాక కంపెనీ ఇంటర్వ్యూ చేతిలో ఉంటుంది, సీట్లు తక్కువ, సమయపాలన విషయంలో ఫ్యాక్టరీ నియమాలే వర్తిస్తాయి. సీటు దొరికినవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు అరుదు.

ఖర్చు, ప్రైవేటు కెరీర్ స్కూళ్లు, వీసా స్థితి

కాలేజ్ బోర్డు లెక్కల ప్రకారం 2024-25లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో స్థానికులకు సగటు వార్షిక ట్యూషన్, ఫీజులు 4,050 డాలర్లు. ప్రభుత్వ నాలుగేళ్ల యూనివర్సిటీలో రాష్ట్రవాసులకు 11,610. కాలిఫోర్నియాలో యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున 60 యూనిట్లకు 2,760 డాలర్లే. టెనెసీ ప్రామిస్ వంటి పథకాలు ఇతర గ్రాంట్లు పోగా మిగిలిన ఫీజును రాష్ట్రం నుంచి ఇస్తాయి. అందుకు హైస్కూలు ముగియగానే చేరాలి, ప్రతి సెమిస్టర్‌కూ ఎనిమిది గంటల సమాజసేవ చేయాలి. 2025-26లో పూర్తి పెల్ గ్రాంటు 7,395 డాలర్లు కాబట్టి తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి కమ్యూనిటీ కాలేజీ ఫీజు పోను పుస్తకాలకు, ప్రయాణానికి కొంత మిగులుతుంది. అయితే పెల్ గ్రాంటుకు జీవితకాల పరిమితి పన్నెండు సెమిస్టర్లు. ఆలోచన లేకుండా ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకు దూకేవారు తర్వాత బ్యాచిలర్స్ నాటికి ఆ సంచి ఖాళీ చేసుకుంటారు.

ఇదే వెల్డింగ్, మెడికల్ అసిస్టెంట్ కోర్సులను లాభాపేక్షతో నడిచే ప్రైవేటు స్కూళ్లు కమ్యూనిటీ కాలేజీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఫీజుకు ఇస్తుంటాయి. వాటి ఆకర్షణ స్పష్టమే: వచ్చే సోమవారమే తరగతి మొదలవుతుంది, వెయిటింగ్ లిస్టు ఉండదు, ఫోను చేస్తే అవతల మనిషి ఉంటారు. ఈ మూడింటిలోనూ కమ్యూనిటీ కాలేజీలు వెనుకబడి ఉన్నాయని ఒప్పుకోవలసిందే. కానీ కొరింథియన్ కాలేజీలు 2015లో, ఐటీటీ టెక్ 2016లో ఉన్నపళంగా మూతపడినప్పుడు వేలాది విద్యార్థులు సగం చదువుతో, పూర్తి అప్పుతో మిగిలారు. సమీపంలో అదే కోర్సు ప్రభుత్వ కాలేజీలో ఉంటే, ఆరు నెలలు ఆగవలసి వచ్చినా ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

వీసా మీద ఉన్నవారికి పోలిక మారిపోతుంది. పెల్ గ్రాంటు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, మరికొన్ని వర్గాలకు మాత్రమే. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబసభ్యుల వీసా) వారికి రాదు. ఎఫ్-1 మీద అసోసియేట్ డిగ్రీ చదివితే ఆ స్థాయికి పన్నెండు నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, దొరుకుతుంది, కానీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) ఓపీటీ పొడిగింపుకు బ్యాచిలర్స్ గానీ అంతకు మించినది గానీ ఉండాలి. కాబట్టి అంతర్జాతీయ విద్యార్థికి ఏఏఎస్ ఒక చివరి మజిలీగా దాదాపు పనికిరాదు, ట్రాన్స్‌ఫర్ డిగ్రీ మాత్రమే అర్థవంతం. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త చదువుకోవచ్చు గానీ, పని అనుమతి లేకుండా జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్‌లో చేరలేరు. స్థానికుల ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

చేరేముందు ఎవరిని, ఏమని అడగాలి

అడ్మిషన్ల ఆఫీసుకంటే ముందు ఆ కోర్సు నడిపే విభాగపు కోఆర్డినేటర్‌ను కలవాలి. కిందటి ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, లైసెన్సు పరీక్షలో ఎంతమంది గట్టెక్కారు, వారిని ఏయే సంస్థలు తీసుకున్నాయి అని పేర్లతో సహా అడగాలి. సలహా సంఘంలో ఏ కంపెనీలున్నాయో తెలిశాక, ఆ కంపెనీల ఉద్యోగ ప్రకటనలు తెరిచి, ఈ సర్టిఫికెట్ పేరు వాటిలో కనిపిస్తోందా అని చూడాలి. కనిపించకపోతే సంఘంలో కంపెనీ పేరు ఉండడం అలంకారమే.

ఫెడరల్ ప్రభుత్వం 2015 నుంచి నడుపుతున్న కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కోర్సుల వారీగా సంపాదన వివరాలు దొరుకుతాయి. అవి ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థుల లెక్కలు మాత్రమే, క్రెడిట్లు లేని చిన్న శిక్షణలు అందులో సాధారణంగా కనిపించవు. వాటికోసం అమెరికన్ జాబ్ సెంటర్‌కు (ప్రభుత్వ ఉపాధి కేంద్రానికి) వెళ్లి, 2014 నాటి ఉపాధి శిక్షణ చట్టం కింద రాష్ట్రం ఆమోదించిన శిక్షణ సంస్థల జాబితా అడగవచ్చు. ఉద్యోగం పోయినవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడే ఫీజు సాయం కూడా దొరకవచ్చు. కొన్ని వ్యవస్థలు తమ ఆదాయాన్నే ఈ ఫలితాలకు ముడిపెట్టుకున్నాయి. టెక్సస్ స్టేట్ టెక్నికల్ కాలేజీకి వచ్చే రాష్ట్ర నిధులు దాని పూర్వ విద్యార్థుల జీతాల మీద ఆధారపడతాయి. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల నిధులను కూడా 2023 చట్టం ఎంతమంది చేరారన్నదానికంటే ఎంతమంది విలువైన పత్రంతో బయటికొచ్చారన్నదానికి దగ్గర చేసింది.

రెండు కాలేజీలు అన్నిటా సమానంగా కనిపిస్తే, అడ్వైజర్ ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులున్నారో అడిగి తేల్చుకోవాలి. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో ప్రారంభించిన అసాప్ కార్యక్రమం విద్యార్థికి సన్నిహితంగా ఉండే అడ్వైజర్‌ను, మెట్రో కార్డును, పుస్తకాల సాయాన్ని ఇచ్చి, ప్రతిగా పూర్తికాలం చదవాలని కోరింది. ఎండీఆర్‌సీ పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను విడదీసి పరీక్షించినప్పుడు, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారు అసాప్‌లో 40 శాతం, బయట 22 శాతం. పాఠాలు ఒకటే, కాలేజీ ఒకటే.

చివరగా టైమ్‌టేబుల్. సాయంత్రం కోర్సు అని ప్రకటించి, అందులో తప్పనిసరైన ల్యాబును మంగళవారం మధ్యాహ్నం పెట్టే కాలేజీలున్నాయి. రెండో సంవత్సరపు క్లినికల్ డ్యూటీలు ఏ ఆస్పత్రిలో, ఏ షిఫ్టులో పడతాయో, అక్కడికి బస్సు ఉందో లేదో చేరేముందే తెలుసుకోవాలి. ఉద్యోగం చేస్తూ చదివేవారు ఫీజు కట్టే ముందు కోర్సు మొత్తానికి, మొదటి సెమిస్టర్ నుంచి చివరి సెమిస్టర్ వరకు, తరగతుల వేళలను రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.